అరగంటకో ఎర్ర గీత

మా ఆయన నెట్‌వర్కు మనిషి. అలా అనగానే పెద్ద చదువులు చదివి అద్దాల గదిలో కూర్చునే రకం అనుకునేరు, కాదు. ఇరవై రెండేళ్ల కిందట నిచ్చెన భుజాన వేసుకుని గోడలెక్కి వైర్లు లాగడంతో మొదలుపెట్టిన మనిషి. ఇప్పుడు నిచ్చెన పోయి లాప్‌టాప్ వచ్చింది, నడుం నొప్పి మాత్రం అలాగే ఉంది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ‘వైరు బాబాయ్’ అంటారు. ఆ పేరు వింటే ఆయనకి కోపం రాదు, నాకొస్తుంది.

నేను కుట్టుపని చేస్తాను, బడిపిల్లల యూనిఫాంలు. ముందుగదిలో కిటికీ పక్కన నా మిషను, దానికి ఎదురుగా భోజనాల బల్ల. వారంలో నాలుగు రోజులు ఆ బల్లే ఆయనకి ఆఫీసు. కాబట్టి ఆయన ఉద్యోగం గురించి ఆయన మేనేజరు కంటే నాకే ఎక్కువ తెలుసు. ఎవరితో ఏం మాట్లాడారో, ఎక్కడ నీళ్లు నమిలారో, ఏ ఫోను పెట్టేశాక నిట్టూర్చారో అన్నీ నా చెవిన పడాల్సిందే. మిషను చప్పుడులో నాకేమీ వినపడదని ఆయన అనుకుంటారు. అనుకోనీ.

ఆయన గురించి ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. క్రమం పిచ్చి. నాలుగింటికి టీ అంటే నాలుగింటికే. నేను రెండు నిమిషాలు ముందు ఇస్తే కప్పు పక్కన పెట్టుకుని గడియారం వైపు చూస్తూ కూర్చుంటారు. చెప్పుల జతలన్నీ గోడకి ఒకే దూరంలో ఉండాలి. ఒకసారి నేను ఊరెళ్లి వచ్చేసరికి నా గుండీల డబ్బాలో గుండీలన్నీ సైజుల వారీగా సర్దేసి పెట్టారు. మెచ్చుకుంటానని చూశారు పాపం. నాకు కావలసిన గుండీ వెతుక్కోలేక తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన పనిచేసే కంపెనీకి బట్టలుతికే మిషన్ల గోడు వినడమే పని. మిషను తిరగడం లేదని, వణుకుతోందని, నీళ్లు కక్కుతోందని జనం ఫోన్ చేస్తారు. నూట నలభై మంది ఎవరిళ్లల్లో వాళ్లు కూర్చుని ఆ ఫోన్లు తీస్తారు, తిట్లు తింటారు, ఓపిగ్గా జవాబులు చెబుతారు. వాళ్ల ఇళ్లల్లో నెట్ బాగుంటే సరే. పోతే ఫోను మధ్యలో తెగుతుంది. అప్పుడు ఆఫీసు వాళ్లు, “నెట్ పోయిందా, నువ్వే తీసేశావా?” అని అడుగుతారు. రోజూ ఇదే గొడవ. ఎవరు నిజం చెబుతున్నారో ఎవరు వంక పెడుతున్నారో తేల్చే దారి లేదు.

ఆ దారేదో నువ్వే చూడవయ్యా అని మేనేజరు ఈయన నెత్తిన పెట్టాడు. ఈయన రెండు వారాలు కూర్చుని దారి కనిపెట్టారు. ఒక్కొక్కరి కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాము పెట్టాలి. అది నిమిషానికోసారి మూడు చోట్లకి కేక వేస్తుంది. ఇంట్లో రూటరుని ‘ఉన్నావా’ అంటుంది, వీధిలో లైనుని ‘ఉన్నావా’ అంటుంది, ఆఫీసుని ‘ఉన్నావా’ అంటుంది. ముగ్గురూ పలికితే పచ్చ గీత. ఎవరు పలక్కపోతే అక్కడ ఎర్ర గీత. ఆ గీతలన్నీ వచ్చి మా భోజనాల బల్ల మీద వాలతాయి. ఎక్కడో ఏ మూల ఇంట్లోనో లైను దగ్గితే ఇక్కడ ఈయనకి తెలుస్తుందన్నమాట.

రోజుకి ఏడుగురు చొప్పున నాలుగు వారాలు పట్టింది పెట్టడానికి. ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం, “అమ్మా, ఇప్పుడు మీ కంప్యూటరు నేను ఇక్కణ్నుంచే నడుపుతాను, ఒప్పుకుంటున్నట్టు ఆ బటన్ నొక్కండి” అనడం. బాణం గుర్తు దానంతటదే కదులుతుంటే ఒకావిడ కెవ్వున అరిచి కంప్యూటరు మూసేసింది. ఇంకొకాయన తను ఏం తింటున్నాడో కూడా కనిపిస్తుందా అని అడిగాడు. “లైను తప్ప ఇంకేమీ కనపడదు బాబూ, మీ మాటలు వినదు, మీ మొహం చూడదు” అని నూట నలభై సార్లు చెప్పారు ఈయన. నాకు కంఠతా వచ్చేసింది. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

వాళ్లందరిలో మొదట పెట్టించుకున్నది పెద్దక్క. ఆ ఫోన్ల పనిలో అందరికంటే పెద్దది కాబట్టి ఆవిడకా పేరు. ఏళ్ల కిందట బస్సు ప్రమాదంలో తుంటి ఎముక విరిగింది. చంక కింద కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేదు. ఆఫీసేమో మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. ఇంట్లోంచి పని అన్నారు కాబట్టే ఆవిడ బతుకు బండి నడుస్తోంది. “నేను అబద్ధం ఆడ్డంలేదని నేను చెబితే ఎవరు నమ్ముతారు? ముందు నా దాంట్లోనే పెట్టండి, అదే చెబుతుంది” అందట ఆవిడ. ఫోను స్పీకరులో ఉంది, నేను విన్నాను. గొంతు ఎంత నిబ్బరంగా ఉందో.

నెలరోజులు అన్నీ చక్కగా నడిచాయి. పెద్దక్క లైను వందకి తొంభై తొమ్మిది పచ్చ. పోయినవి రెండు సార్లో మూడు సార్లో, అవీ వీధిలో కరెంటు పోయినప్పుడే. ఆవిడ మాట నిజమని తేలిపోయింది. మేనేజరు ఈయన భుజం తట్టాడు. కొత్త పోస్టు ఇస్తామన్నాడు, పర్యవేక్షణ అధికారి అని. ఇరవై రెండేళ్లలో ఈయన్ని ఎవరైనా భుజం తట్టడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి నాతో చెబుతూ మొహం అటు తిప్పుకున్నారు, కళ్లు తుడుచుకోవడం నేను చూడకూడదని. నేనూ చూడనట్టే కుట్టుకున్నాను.

ఆ తర్వాత మేనేజరు ఇంకోటి అడిగాడు. లైను ఉందో లేదో సరే, ఎంత వేగంగా ఉందో కూడా తెలియాలన్నాడు. ఈయన అదీ పెట్టారు. కుళాయి కింద బిందె పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూసినట్టు, ఆఫీసు నుంచి ఒక పెద్ద ఫైలుని ఇరవై సెకన్ల పాటు లాగి చూడటం. అరగంటకోసారి. అది కూడా, ఈయన సంగతి తెలిసిందే కదా, సరిగ్గా గంట కొట్టగానే, మళ్లీ సరిగ్గా అరగంటకి. నూట నలభై ఇళ్లల్లో ఒకే క్షణాన. తెర మీద వేగం చూపే పట్టీలన్నీ ఒకే గీతన వరసగా లేస్తుంటే “చూడవోయ్, ఎంత ముచ్చటగా ఉందో!” అని నన్ను పిలిచి మరీ చూపించారు. నాకేం తెలుసు, బాగానే ఉందన్నాను.

వారం గడిచింది. కంపెనీ ఒక నియమం పెట్టింది. వందకి తొంభై ఐదు కంటే తక్కువ పచ్చ ఉన్నవాళ్లు రెండు నెలల్లో లైను బాగుచేసుకోవాలి, లేదా ఆఫీసుకొచ్చి పనిచేయాలి. పెద్దక్కది ఎనభై ఏడు. వారం వారం ఎనభై ఏడే. ఆవిడ రూటరు మార్చుకుంది. మెకానిక్కుని పిలిపించి వైరు మార్పించుకుంది. బల్ల జరిపి ఇటు వేసుకుంది, అటు వేసుకుంది. ఎనభై ఏడు చీమంతైనా కదల్లేదు. మొదటి హెచ్చరిక వచ్చింది, రెండోదీ వచ్చింది. మూడోది ఉత్తరం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆఫీసుకి రావాలి, రాలేకపోతే మానుకోవాలి.

“బాబాయ్‌గారూ, మీ మిషను నా మీద ఎందుకు పగబట్టింది?” అంది ఫోన్లో. నవ్వుతూనే అంది. “నాకు ఇంకో పని చేతకాదు. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు చెప్పండి?”

ఈయనకి ఆ పూట అన్నం సహించలేదు. తీగని చేత్తో పట్టుకుని చూసిందాకా ఏ గీతనీ పూర్తిగా నమ్మకపోవడం మొదట్నించీ ఈయన పద్ధతి. నూట నలభై మంది అయ్యాక ఆ పద్ధతి మూలనపడింది. ఎవరింటికని వెళతారు?

ఆదివారం నాకు జిప్పులూ దారపు కండెలూ కొనాలి. బజారుకి తీసుకెళ్తానని మాటిచ్చారు. బండి ఎక్కాక, “దారిలో పెద్దక్క ఇల్లు. ఐదు నిమిషాలు, అంతే” అన్నారు. ఈయన ఐదు నిమిషాల సంగతి నాకు పెళ్లయిన వారానికే తెలిసింది. సంచీ చంకలో పెట్టుకుని నోరు మూసుకుని వెళ్లాను.

ఇల్లు కింది అంతస్తులోనే. ఒకటే గది, వెనక చిన్న వంటిల్లు. కిటికీ దగ్గర బల్ల, కుర్చీలో రెండు దిళ్లు, గోడకి ఆనించిన కర్ర. కూతురు ఉద్యోగానికి వెళ్లిందట. పెద్దక్కకి మంగళవారం సెలవు, ఆదివారం పనే. పొడుగు చేతుల జాకెట్టులో, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, మమ్మల్ని చూసి నవ్వి కూర్చోమని సైగ చేసింది. అవతల ఎవరో మిషను గదంతా నడుస్తోందని అరుస్తున్నాడు. “మీరు కంగారుపడకండి సార్, ముందు దాని కాళ్ల కింద చూడండి” అంటోంది ఆవిడ. ఎంత ఓర్పు! నేనైతే నువ్వూ దాంతో పాటు నడువు నాయనా అనేదాన్ని.

పదకొండు కొట్టింది. ఫోను తెగింది. ఆవిడ హెడ్‌ఫోను మీద చెయ్యి పెట్టుకుని “సార్... సార్...” అంటూ ఉండిపోయింది. ఆఫీసుతో ముడి తెగితే మళ్లీ కలవడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ తెర మీద చిన్న చక్రం తిరుగుతుంటే ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పరీక్ష తప్పిన పిల్లలా. కలిశాక అదే మనిషి మళ్లీ ఫోన్ చేసి రెట్టింపు తిట్టాడు.

ఈయన బల్ల కిందకి దూరారు. వైరు చూశారు, ముడులు చూశారు, రూటరు మీద చెయ్యి పెట్టి వేడి చూశారు. గుమ్మం బయటికెళ్లి స్తంభం దాకా చూసొచ్చారు. అన్నీ బాగానే ఉన్నాయి. పదకొండున్నరకి మళ్లీ తెగింది. ఈసారి ఈయన గోడ గడియారం వైపు చూశారు. నేను ఈయన వైపు చూశాను. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇంట్లో ఉన్న సెల్‌ఫోన్లన్నీ ఆపించారు. టీవీ తీగ పీకించారు. పన్నెండింటికి మళ్లీ తెగింది. అప్పుడు ఈయన, “అమ్మా, ఒక్క నిమిషం మీ కుర్చీ ఇస్తారా” అని కూర్చుని ఏదో నొక్కారు. తెర మూల ఉండే ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది. ఆ చుక్క నాకు తెలుసు, అది ఈయన ప్రోగ్రాము గుర్తే. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నారు. పన్నెండున్నర అయింది. ఏమీ కాలేదు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఒంటిగంట అయింది. మాట్లాడుతూనే ఉంది. 

“అయ్యబాబోయ్, రెండు సార్లు దాటేసింది! ఏం చేశారు బాబాయ్‌గారూ?” అంది ఆవిడ, చిన్నపిల్లలా సంబరపడిపోతూ.

“వైరు... కాస్త బిగించానమ్మా” అన్నారు ఈయన.

బండి దగ్గరికొచ్చేదాకా ఆగాను. “ఏ వైరు బిగించారు? నేను అక్కడే ఉన్నానుగా. మీ చుక్క ఆర్పారు, అంతేగా?”

ఈయన హెల్మెట్టు పెట్టుకోలేదు, తాళం పెట్టలేదు. అలా నిలబడే చెప్పారు. ఆవిడ కుళాయి సన్నం. ఈయన బిందె పెద్దది. బిందె నిండేదాకా ఆ ఇంట్లో ఇంకెవరికీ నీళ్లుండవు. పైగా నూట నలభై బిందెలూ ఒకే క్షణాన ఆఫీసు తొట్టి మీద పడుతున్నాయి. లావు కుళాయిల వాళ్లకి ఏమీ తెలియదు, సన్న కుళాయిల వాళ్లకి మాట తెగిపోతుంది. గంటకి రెండు సార్లు, తెగినప్పుడల్లా నాలుగు నిమిషాలు. అలా లెక్కేస్తే వందకి సరిగ్గా ఎనభై ఏడు.

“వేర్వేరు నిమిషాల్లో పెట్టుంటే సగం గొడవ ఉండేది కాదు. అన్నీ ఒకే వరసలో ఉంటే బాగుంటుందనుకున్నాను” అన్నారు.

“మరి లోపలే ఆ మాట ఎందుకు చెప్పలేదు?”

ఈయన బండికి తాళం పెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, ఆ మొహం చూశాక నడివీధిలో ఇంకేమీ అనలేకపోయాను. జిప్పులు కొనలేదు, దారాలూ కొనలేదు. ఇంటికొచ్చేశాం.

సోమవారం ఆఫీసుకెళ్లి మేనేజరుకి చెప్పారు. ఆ మాత్రం ధైర్యం చేశారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మొహం తేటగా ఉంది. కాళ్లు కడుక్కుని, టీ తాగి, “అంతా సర్దుకుందోయ్” అన్నారు. ఉత్తరం వెనక్కి తీసుకున్నారట. పెద్దక్క ఇంట్లోంచే పనిచేసుకోవచ్చు. ఆ బిందె పరీక్ష ఈయన నిన్న రాత్రే అందరికీ ఆపేశారు. కొత్త పోస్టు కాగితం వచ్చే నెల వస్తుంది.

“మరి మీ తప్పని చెప్పారా ఆవిడకి?”

“అదెందుకూ! మేనేజరే రాయించాడు. ఆవిడ ఆరోగ్య పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని, దయతో, ప్రత్యేకంగా అనుమతిస్తున్నామని. ఎవరికీ నష్టం లేకుండా పోయింది.”

నేను మిషను ఆపేశాను.

“దయతోనా? తప్పు మీదీ, దయ వాళ్లదీనా? రేపట్నుంచీ ఆవిడ వాళ్ల ముందు తలొంచుకుని ఉండాలి, లైను బాగోకపోయినా జాలిపడి ఉంచుకున్నారని. ఆవిడ లైనుకేం రోగం? నెల రోజులు తొంభై తొమ్మిది చూపించింది మీ మిషనే కాదూ?”

“ఉద్యోగం నిలబడింది కదే...”

“నిలబడింది. ఆవిడ మాట పడిపోయింది.”

“నీకు ఆఫీసు సంగతులు తెలియవు” అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో చేతిలో వేరే జవాబు లేనప్పుడల్లా అదే అన్నారు. నేను మళ్లీ మిషను తొక్కాను. ఆ పూట కుట్టిన లాగు కాళ్లు రెండూ వంకరగానే వచ్చాయి, విప్పి కుట్టాల్సొచ్చింది.

ఏడవుతుండగా ఫోను మోగింది. పెద్దక్క. ఈయన స్పీకరులో పెట్టారు, అలవాటు.

“బాబాయ్‌గారూ, మీరు చల్లగా ఉండాలి. ఉత్తరం వచ్చింది. మీరే మాట్లాడి ఉంటారు, నాకు తెలుసు.”  ఈయన ఏదో అనబోయారు. ఆవిడ ఆగలేదు. “మా అమ్మాయికి కూడా చెప్పలేదు, మీతో చెబుతున్నా. పది రోజుల్నించీ మా బిల్డింగు మెట్లు ఎక్కడం నేర్చుకుంటున్నానండీ. ఆఫీసు మెట్లు అరవై ఆరని మా వాళ్లనడిగి తెలుసుకున్నా. నలభై ఒకటి దాకా వచ్చా. మొన్న శుక్రవారం కర్ర జారి పడిపోయా. మోచెయ్యి కొట్టుకుపోయింది, అంతే, పెద్దదేం కాదు. మీరొచ్చినప్పుడు కనపడకుండా పొడుగు చేతులది వేసుకున్నా. నా లైను పాడుదైనా వాళ్లు ఇంత దయ చూపించారంటే మీ చలవే. మీ రుణం...”

“అమ్మా, ఆపండి” అన్నారు ఈయన.

నేను చేతిలో గుడ్డ కింద పెట్టాను.

“మీ లైను పాడుది కాదమ్మా. ఎప్పుడూ కాదు. నేను పెట్టిన పరీక్షే మీ ఫోను తెగ్గొట్టింది. పదకొండు వారాల నుంచీ. నిన్న మీ ఇంట్లోనే తెలిసింది నాకు. వైరేమీ బిగించలేదు. నా ప్రోగ్రాము ఆపాను. మీకు చెప్పడానికి నోరు రాలేదు.”

 లైను తెగిందేమోనని ఈయన ఫోను తెర వైపు చూశారు. తెగలేదు.

“నిన్న మీ ఆవిడ నన్ను అదోలా చూస్తుంటే నా కాలు చూసి జాలిపడుతోంది అనుకున్నా” అంది చివరికి. తర్వాత గొంతు మారింది. “సరే. ఇందాక మీకు చెప్పిన కృతజ్ఞతలన్నీ నాకు తిరిగిచ్చెయ్యండి.”

“ఇచ్చేశానమ్మా.”

“ఆ దయ ఉత్తరం నాకొద్దు. నాకు హెచ్చరికలు వచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఇది కూడా అందరికీ తెలియాలి. మీరే రాయండి. వాళ్లూ వీళ్లూ కాదు.” ఫోను పెట్టేసింది. రోజంతా అందరి తిట్లూ తినే మనిషి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టుంటే ఈయనకి తేలిగ్గా ఉండేది.

అప్పుడే కూర్చుని రాశారు. రాసి నాకు చదివి వినిపించారు. ‘కొన్ని సాంకేతిక కారణాల వల్ల’ అని మొదలైంది.

“ఆ కారణానికి ఒళ్లూ పేరూ లేవా?” అన్నాను.

చెరిపేశారు. ‘నేను పెట్టిన వేగ పరీక్ష వల్ల’ అని రాశారు. పదకొండు వారాలుగా గంటకీ అరగంటకీ కనిపించిన ఎర్ర గీతలు ఎవరి ఇంటి లోపమూ కాదని, వాటి మీద వచ్చిన హెచ్చరికలు తన పొరపాటు వల్ల వచ్చినవని, వాటన్నిటినీ కొట్టేయమని కంపెనీని కోరుతున్నానని రాశారు. కింద పేరు పెట్టారు. నూట నలభై మందికీ, మేనేజరుకీ, మేనేజరు పైవాళ్లకీ పంపేశారు. పంపాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. వంకరగా పెట్టారు, సరిచేసుకోలేదు.

మర్నాడు మేనేజరు చెడామడా తిట్టాడు. కొత్త పోస్టు ఊసు ఆ రోజుతో సరి. కానీ హెచ్చరికలన్నీ రద్దయ్యాయి, ఆ సంగతి పెద్దక్కకి కాగితం మీద వచ్చింది, దయ అన్న మాట లేకుండా. ప్రోగ్రామునీ మార్చారు. ఇప్పుడు ఒక్కొక్క ఇంట్లో రోజుకి ఒక్కసారే పరీక్ష, ఎవరి నిమిషం వాళ్లది, అదీ వాళ్లు ఫోన్లో లేనప్పుడు. ఎవరి గీతలు వాళ్లూ చూసుకోవచ్చు. తెర మీద పట్టీలు ఇప్పుడు చిందరవందరగా లేస్తాయి. దానికేసి చూసినప్పుడల్లా ఈయన మొహం చిట్లిస్తారు గానీ ముట్టుకోరు.

ఆ ఉత్తరానికి తొమ్మిది మంది జవాబులు రాశారు. ఈయన టీ తాగుతూ ఒక్కోటీ చదివారు. ఒకాయన నెట్ బాగోలేదని ఇల్లే మారాడట. ఒకావిడ ఇంటాయనతో రెండు నెలలు పోట్లాడి మాటలు మానేసిందట. ఇంకొకామె పిల్లల చేతిలో సెల్‌ఫోను కనపడితే చాలు చెయ్యి చేసుకునేదట, వాళ్ల వల్లే లైను పోతోందని. అందరూ తమ ఇంట్లోనే ఎక్కడో తప్పుందని వెతుక్కున్నారు. చదువుతున్నకొద్దీ ఈయన గొంతు చిన్నదైపోయింది.

పదోది జవాబు కాదు. ఈయన పంపిందే తిరిగొచ్చింది. ఆ చిరునామా ఇప్పుడు లేదని.

“ఎవరది?” అన్నాను.

“బాలింత” అన్నారు. “నెలల పిల్లని ఒళ్లో పెట్టుకుని పని చేసేది. ఎనభై ఆరు వచ్చేది ఆ అమ్మాయికి. రెండో హెచ్చరిక రాగానే నాకు ఫోన్ చేసింది. నిజంగా మా ఇంటి లైనేనా అండీ, ఇంకోసారి చూడండి అంది. గీత చూసి, అవునమ్మా మీ ఇంటిదే అని చెప్పాను.” కప్పు కింద పెట్టారు. “నెలన్నర అయింది మానేసి. నాకు గుర్తే లేదు.”

  ఈయన లేచి పాత కాగితాల్లోంచి ఆ అమ్మాయి ఫోను నంబరు వెతికి తెచ్చారు. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది, టీ అప్పటికే తాగేశారని నాకప్పుడు తట్టింది. నంబరు నొక్కారు. నాలుగైదు సార్లు మోగింది. అవతల ముందు పసిపిల్ల ఏడుపు వినిపించింది, తర్వాత “ఎవరండీ?” అని అమ్మాయి గొంతు.

“అమ్మా, నేను వైరు బాబాయ్‌ని” అన్నారు ఈయన, లేచి నిలబడి. “మీ ఇంటి లైను బాగానే ఉండేదమ్మా.”